సీతాఫలం మూడో భాగం

చిత్తూరు సంతపేటలో మా నాయన వీడియో లైబ్రరీ
ఆరడుగుల వెడల్పు, బెల్లం మండీ పక్కన.
అందుకే మా కేసెట్లన్నీ కొంచెం జిగట.
చీమలు మాకన్నా ముందే సినిమా చూసేవి.

'సీక్రెట్ ఏజెంట్ సీతాఫలం'
వేలూరు బస్సులో వచ్చింది, టమోటా గంప కింద.
గూఢచారికి నల్లకళ్ళద్దాలు, వాటి వెనక చత్వారం.
పెన్నులో తుపాకీ ఉండాదని మరిచిపోయి
పాల లెక్క రాసుకుంటాడు,
పాలబ్బి దబీమని పడిపోతాడు.
శత్రువుల డెన్‌లోకి దూరేటప్పుడు కూడా
చెప్పులు బయట విడిచే మర్యాదస్తుడు.
వచ్చేలోపు ఎవడో కొట్టేసుంటాడు.
దేశాన్ని కాపాడి
ఉత్తకాళ్ళతో ఇంటికి పోతాడు.

రోజుకు పది రూపాయలు.
రివైండు చెయ్యకుండా తెస్తే ఇంకో రూపాయి.

రెండో భాగం, 'విత్తనాలు జాగ్రత్త'.
అదే కథ, ఒక హెలికాప్టరు ఎక్కువ.
వడగట్టిన పొడితో మళ్ళీ కాచిన టీ.
అయినా కొంగారెడ్డిపల్లె నుంచి సైకిళ్ళు వచ్చినాయి.

మూడో భాగంలో హీరోనే మారిపోయినాడు.
ఇదేందని ఒక్కరూ అడగలా.
గూఢచారి కదా,
మారువేషం అనుకున్నారు.

నేనుండేది ఈ మూడో భాగంలోనే.

నాకు చెవులు కుట్టే రోజు ఖాళీ కేసెట్టు దొరకలా.
నాయన అరలో చెయ్యి పెట్టి ఒకటి లాగి
'దీన్నెవరూ కడదాకా చూడర్లే' అని
కెమెరా అబ్బికి ఇచ్చేసినాడు.

అప్పట్నించి మా ఊరి సీతాఫలం
బాంబు ముందర గొంతుక్కూచుంటాడు.
ఎర్ర తీగా? నీలం తీగా?
కత్తెర వణుకుతుంది.
తెర నిండా చీమలు, ఈసారి బెల్లానివి కావు.
చీమల్లోంచి వీరాచారి సూది పట్టుకొని వస్తాడు.
దొరస్వామి మామ ఒళ్ళో
గుండుకు గంధం పూసుకొని నేను.
నోరు తెరుస్తా.

నా తల పట్టుకోవాల్సిన మామ
ఆ అరుపుకు తన చెవులు మూసుకుంటాడు.

అంతే. శుభం కార్డు లేదు.
కేసెట్టు వాపసు తెచ్చి గొడవపడినోళ్ళూ లేరు.
టైలరు ఖాజామియా అయితే రెండుసార్లు చూసి
'ఏం తెలివప్పా డైరెక్టరుకి!
పేలుడు చూపీకుండా పాపను చూపించినాడు' అన్నాడంట.

హాజరు పట్టీలో నేను హేమాక్షి,
మిగతా చిత్తూరంతటికీ బాంబు.
'ఏం బాంబూ, వంకాయలు ఎంత మాత్రం తుయ్యను?'

తరవాత ఒక ఏడు మామకీ నాయనకీ
మండీ గోడ జానెడు జరిగిందని మాట పట్టింపు.
మురకంబట్టు మూడు మైళ్ళే.
మామ మళ్ళీ మా గడప తొక్కలా.
ఆ కేసెట్టు కూడా అరలో కనపడలా.
లైబ్రరీ ఎస్టీడీ బూత్ అయింది, రీచార్జి అంగడయింది,
ఇప్పుడు బెల్లం మండీలోనే కలిసిపోయింది.

నిరుడు తిరుపతి బస్టాండు బయట
మూడు భాగాలూ ఒకే డిస్కులో, యాభై రూపాయలకి.
తలుపేసుకొని చూసినా.
నీలం తీగ కత్తిరిస్తాడు. ఏమీ కాదు.
బాంబు లోపల సీతాఫలం ఉంటాది.
వొలుచుకొని తిని, గింజలు ఊసి,
నాలుగో భాగంలో కలుద్దాం అంటాడు.

దీనికా,
ఇన్నేళ్ళు నేను అడ్డంపడింది?

అటక మీద పాత రిజిస్టరు దించినా.
సీతాఫలం-3. తీసుకున్నవారు: ఎస్. ఫలం.
ఊరు: మురకంబట్టు. వాపసు తేదీ ఖాళీ.
రాత అమ్మది.
అమ్మ పొయ్యి దగ్గర నించి తల తిప్పలా,
పప్పు ఎనుపుతానే ఉంది.

నాయన అద్దాలు పెట్టుకొని ఆ వరుస చదివినాడు.
రోజుకు పది చొప్పున వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి
నడాన ఆపేసినాడు.
'పోనీలే, పెట్టుకోనీ' అన్నాడు.

అని, శానాసేపు ఊరకుండి,
'రివైండు చేసింటాడా?'
అని అడిగినాడు.